కడుపు నింపని బొంత

జహీరాబాదులో ఏ ఇంట్లో పురుడు జరిగినా, ఆ పసిగుడ్డు వీపుకు మొదట తగిలేది బసమ్మ కుట్టిన బొంతే. పేరున్న ఇళ్లలోనే కాదు, స్టేషను దగ్గర హమాలీల గుడిసెల్లోనూ అంతే. పాతికేళ్లుగా అదే వరస. ఆడపిల్లకు అయిదో నెల రాగానే తల్లి పాత చీరలు మూటగట్టుకుని బసమ్మ గడప ఎక్కేది. బసమ్మ మూట విప్పి, ఒక్కో చీరనూ వెలుతురుకు ఎత్తి చూసి, ఉతికి ఉతికి మెత్తబడ్డదాన్ని చెంపకు ఆనించుకుని, "సరే తియ్" అనేది. ఆ సరే అనే మాట కోసం ఎంత పెద్దింటి ఆడవాళ్లయినా గడపలో నిలబడాల్సిందే.

ఆమె బొంతకు ఒక పద్ధతి ఉండేది. జానెడు జానెడు చదరాలు, అన్నీ ఒక్క కొలత. ఎరుపు పక్కన పసుపు, పసుపు పక్కన ఆకుపచ్చ. చుట్టూ ఎర్ర అంచు. నలుపు మాత్రం వేలెడు కూడా ఉండకూడదు. పసిబిడ్డ కిందికి నలుపేమిటి? కుట్టు తూర్పు మూల మొదలై, అంచు వెంట చుట్టూ తిరిగి తిరిగి నడుమకు చేరేది. ఒక్కో కుట్టూ బియ్యపు గింజంత. బసమ్మ తల్లి అట్లాగే కుట్టింది, తల్లి తల్లీ అట్లాగే కుట్టింది.

నడుమ అరచేయంత చోటు మాత్రం కుట్టకుండా వదిలేవారు. అక్కడ పెనం మీద బాగా ఎండబెట్టిన జొన్నరొట్టె ముక్క ఒకటి, చిటికెడు పసుపు వేసి మూసేస్తే, దాన్ని బొంత కడుపు నింపడం అనేవారు. తానే ఆకలితో ఉన్న బొంత బిడ్డను ఏం సాకుతుంది? చీమలు పట్టవా అని అడిగిన కొత్త కోడళ్లను, "పసుపెందుకేస్తున్నమే పిచ్చిదానా" అని నెత్తిన ఒక్కటి మొట్టేవారు. కుట్టిన చెయ్యి నింపకూడదు. పిల్లాపాపలున్న వేరే ముత్తయిదువ నింపాలి. బసమ్మ కుట్టినవాటికి పక్కింటి నర్సమ్మ నింపేది. ఊళ్లో ఇంకెవరు కుట్టుకున్నా, నింపడానికి బసమ్మనే పిలిచేవారు. ఆ చేతికి అంత పేరు.

ఎక్కడో యుద్ధం జరుగుతోందని ఇక్కడ బట్టకు కంట్రోలు పెట్టిన కాలమది. కొత్త బట్ట దొరకక పాత చీరలే మళ్లీ మళ్లీ కట్టుకునేవారు. బొంతకని మూట తెచ్చేవాళ్లు తగ్గిపోయారు. బసమ్మ సూది వారాల తరబడి గోడలో గుచ్చి ఉండిపోయేది. సరిగ్గా అప్పుడే ఎదురింట్లోకి హబీబున్నీసా వచ్చింది.

ఆ పిల్ల పుట్టింటి ఊరు కోహీర్. దర్జీ సర్వర్‌ను చేసుకుని కాపురానికి వచ్చింది. ఇరవై రెండేళ్లుంటాయేమో. సన్నగా, పొడుగ్గా, ఎప్పుడు చూసినా ముక్కు మీద దారపు నూగుతో ఉండేది. వచ్చిన మూడో నెలలో ఒక పొద్దున బసమ్మ కూరగాయల బుట్ట చంకన పెట్టుకుని సందు మలుపు తిరిగేసరికి, సర్వర్ ఇంటి గోడ మీద ఒక బొంత ఆరేసి ఉంది.

బసమ్మ బుట్ట కింద పెట్టింది.

సగానికి పైగా నలుపు. షేర్వానీలు కత్తిరించగా మిగిలిన నలుపు. దాని కిందుగా ఖాకీ, బూడిద, మట్టిరంగు ముక్కలు. ఒక్కటీ చదరం కాదు. ఒకటి చొక్కా చెయ్యి, చెయ్యిలాగే ఉంది. ఒకటి కాలరు. ఒకచోట జేబు కూడా ఉంది, నోరు తెరుచుకుని. నలుపు మీదుగా వేలెడు వెడల్పు పసుపు పీలిక ఒకటి ఏటవాలుగా దూసుకుపోయింది. ఇక కుట్టు చూద్దామా అంటే, తూర్పున మొదలవలేదు, అంచు వెంట నడవలేదు. నేల మీద నీళ్లు చల్లితే చీమలబారు తడిని తప్పించుకుంటూ పోయినట్టు, ఆ తెల్లదారం వంగి, తిరిగి, ఒకచోట ఒత్తుగా ఒకచోట పలచగా ఎటో పోయింది.

బసమ్మకు నవ్వొచ్చింది. కాసేపటికి నవ్వు ఆగిపోయింది. జొన్నచేను మీదికి మబ్బు దిగి, ఆ మబ్బులో ఒక మెరుపు మెరిసి, ఇంకా చినుకు పడని ఆ ఒక్క ఘడియ ఉంటుందే, అది ఆ గోడ మీద ఉంది. ఇది నాకెందుకు తట్టలేదు అనే మాట కడుపులో పుట్టింది. పుట్టినదాన్ని పుట్టినట్టే పీక నొక్కేసింది.

వెనక నుంచి నర్సమ్మ వచ్చి నిలబడింది. "గిదేందక్కా! దర్జీ దుకాణం ఊడ్చి గోడ మీద పోసినట్టున్నది!"

"గదే నేను గూడ సూస్తున్న" అంది బసమ్మ, అవసరమైన దానికంటే గట్టిగా నవ్వుతూ. "జేబు గూడ పెట్టిందే. బొంత బజారుకు పోయి బీడీలు కొనుక్కుంటదేమో!"

ఇద్దరూ నవ్వుకుంటూ ఇళ్లకు పోయారు. బసమ్మ మాత్రం ఆ రోజు మూడుసార్లు బయటికి వచ్చింది. ఒకసారి మేకను కట్టేయడానికి, ఒకసారి కట్టేసిన మేకను విప్పడానికి, ఇంకోసారి ఎందుకో ఆమెకే తెలియదు.

మర్నాడు పాలకు తోడు కావాలనే వంకతో ఎదురింటికి వెళ్లింది. ఇంట్లో రెండు గేదెలున్న మనిషి తోడు అడగడానికి వెళ్లడమేమిటని నర్సమ్మ తర్వాత పదిమందికి చెప్పి నవ్వింది, అది వేరే సంగతి. హబీబున్నీసా చాప దులిపి వేసి, పిన్నిని పిలిచినట్టు ఖాలా అని పిలిచింది.

"జర కూసోన్రి ఖాలా. మీరొస్తరని నేను ఎదురు సూస్తనే ఉన్న."

"నేనెందుకొస్తనే?"

"బొంత గోడ మీదేసినంక మీరు రాకుండ ఉంటరా?" అని ఆ పిల్ల నవ్వింది. ఆ నవ్వులో ఎగతాళి లేదు. అదే బసమ్మకు ఇంకా మండింది.

"సక్కగ కోసుకోనీకి కత్తెర లేదా మీ ఇంట్ల? దర్జీ ఇల్లు గదా."

"కత్తెర ఉన్నది ఖాలా. కోయబుద్ధి కాదు." హబీబున్నీసా ఒడిలోని ముక్కను చూపించింది. పిల్లవాడి చొక్కా చెయ్యి అది. "సూడున్రి, ఇది ఒక చెయ్యి పట్టుకున్న బట్ట. నాలుగు మూలలు కోస్తే అది చెయ్యి అన్న సంగతే మర్చిపోతది. ఎట్లున్నదాన్ని అట్లనే పెడ్త. ఏది యాడ కూసుంట అంటదో ఆడ కూసోబెడ్త."

"బట్ట మాట్లాడతదా నీతోని?"

"మీతోని మాట్లాడదా?"

 పాతికేళ్లలో బసమ్మ బట్టతో ఎన్ని మాటలు చెప్పిందో ఆమెకే తెలుసు. బట్ట ఏం చెప్పిందో మాత్రం ఒక్కసారీ ఆగి వినలేదు. తోడు గిన్నె తీసుకుని లేచింది. "నలుపు మీద పిల్లలను పండబెట్టొద్దు. గది గుర్తుంచుకో" అని గుమ్మం దాటింది.

ఆ మాట ఊళ్లో నిలుస్తుందనే అనుకుంది. నిలవలేదు.

మొగుడంపల్లి వైపు పొలాలున్న రేవణసిద్ధప్ప ఇల్లు బజారుకు ఎగువన ఉండేది. ఆయన బిడ్డ భాగీరథి బీదరు నుంచి పుట్టింటికి పురుటికి వచ్చింది. భాగీరథి పుట్టినప్పుడు బొంత బసమ్మదే, ఆమె అన్నదమ్ములకూ బసమ్మవే. ఇప్పుడు మనవడో మనవరాలో పుట్టబోతుంటే ఇంకెవరిది అవుతుంది? కంట్రోలు రోజుల్లోనూ బసమ్మ ఆ బొంత కోసమని మంచి ఎరుపు, మంచి పసుపు ముక్కలు దాచి పెట్టుకుంది. పిలుపు రాకముందే తనే వెళ్లింది.

భాగీరథి తల్లి లక్ష్మమ్మ మంచినీళ్లిచ్చింది, తాంబూలమిచ్చింది, వానల గురించి మాట్లాడింది. బొంత మాటెత్తలేదు. చివరికి బసమ్మే ఎత్తింది.

"ఏమ్మా లక్ష్మమ్మా, పాత బట్టలు తీసి పెట్టినవా?"

లక్ష్మమ్మ తల దించుకుంది. "ఏం జెప్పాలె బసమ్మక్కా. గీ పొల్ల నా మాట ఇంటలేదు."

భాగీరథి లోపలి నుంచే అంది, "పెద్దమ్మా, నువ్వు కోపం జేసుకోవద్దు. నేను ఆ దర్జీ సర్వర్ భార్యతోని కుట్టిపిస్తున్న. గోడ మీద సూసిన. సూసి మూడు దినాలు నాకు వేరే ఏం తోచలే."

తనకూ తోచలేదు. అది చెప్పగలదా?

"నలుపేస్తదమ్మా అది" అంది బసమ్మ.

"ఎయ్యనీ. నా పరికిణీలు, అమ్మ చీరలు, నాయిన రుమాలు, అన్ని ఇచ్చేసిన."

లక్ష్మమ్మ బసమ్మ చెయ్యి పట్టుకుంది. "కడుపు మాత్రం నీ చేతితోనే నింపాలక్కా. గది ఇంకెవరు నింపినా నేనొప్ప. నీ చెయ్యి పడితేనే నా మనసు నిమ్మళం."

విందు వేరేచోట వండించి, వక్కపలుకు మాత్రం ఇక్కడ తీసుకోమన్నట్టు ఉంది బసమ్మకు. "వస్త తియ్" అంది. దారంతా రుమాలు గురించే ఆలోచన. రేవణసిద్ధప్ప తలరుమాలు ఎనిమిది గజాలు. బసమ్మ అయితే దాన్ని ముప్పై చదరాలు చేసేది. ఆ పిల్ల దాన్ని ఏం చేస్తుంది?

ఇంటికి వచ్చి తలుపు గడియ పెట్టుకుంది. భర్త మాణిక్ బండి కట్టుకుని స్టేషనుకు పోయాడు. గోడకు తగిలించిన ఆయన పాత అంగీ తీసింది. నాకు చేతకాదా, చూద్దాం అనుకుంది. చేతుల దగ్గర కుట్లు ఊడదీసి, చెయ్యిని చెయ్యిలాగే పాత చీర మీద పరిచింది. బాగానే ఉందనిపించింది. సూది గుచ్చింది. నాలుగు కుట్లు పడ్డాక మూల కొంచెం లోపలికి మడిస్తే బాగుంటుందనిపించి మడిచింది. తర్వాత అటు వైపూ మడవకపోతే ఎగుడుదిగుడుగా కనబడుతోందని అదీ మడిచింది. కుట్టును వంకరగా తిప్పుదామని తిప్పింది. వేళ్లు రెండు కుట్లు వంకర వేసి, మూడోదానికి మళ్లీ దారిలో పడ్డాయి, బండి వదిలేసినా ఇంటికే నడిచే ఎద్దుల్లాగా. పొద్దు వాలేసరికి చూస్తే ఏముంది? చక్కని చదరం. నాలుగు మూలలూ తీర్చినట్టున్నాయి. బియ్యపు గింజల కుట్టు.

మాణిక్ వచ్చి వెతుక్కున్నాడు. "నా అంగీ ఏదే?"

"గిదే."

ఆయన చదరాన్ని తిప్పి తిప్పి చూశాడు. "గిది నాకింక రెండేండ్లు పనికొస్తుండె గదనే! నీకేం పుట్టింది?"

"ఏం పుట్టిందో నాకెరుకనా?" అని బసమ్మ పొయ్యి దగ్గరికి పోయి, పొగ లేని పొయ్యి ముందు కూర్చుని కళ్లు తుడుచుకుంది. పిల్ల మీద కోపమైతే తిట్టి దింపుకోవచ్చు. తన వేళ్ల మీద కోపాన్ని ఏం చేయాలో తెలియలేదు.

భాగీరథికి కొడుకు పుట్టాడు. అప్పటికి బొంత ఇంకా హబీబున్నీసా ఒడిలోనే ఉంది. వాడికి అయిదో నెలలో, ఒక సోమవారం రైలుబండిలో బిడ్డను బీదరుకు తీసుకుపోవాలని నిర్ణయమైంది. ముందటి శుక్రవారం పొద్దున బొంత కడుపు నింపడానికి ఆడవాళ్లను పిలిచారు. బసమ్మ తలంటుకుని, రొట్టె కాల్చి, ముక్క విరిచి, ఎండబెట్టి, ఆకులో చుట్టుకుని వెళ్లింది.

చావడిలో బొంత పరిచి ఉంది. వచ్చినవాళ్లంతా చుట్టూ నిలబడి ఏమనాలో తెలియక ఒకరి మొహం ఒకరు చూసుకుంటున్నారు. రుమాలును కోయలేదు ఆ పిల్ల. ఎనిమిది గజాలూ పొడుగ్గా మెలితిప్పుతూ ఒక మూల నుంచి ఇంకో మూలకు పారించింది. దాని ఒడ్డున భాగీరథి చిన్నప్పటి పరికిణీ ఒకటి, కుచ్చిళ్లు విప్పితే అరచక్రంలా విచ్చుకునేది, అట్లాగే విచ్చుకుని ఉంది. లక్ష్మమ్మ నల్లచీర చెంగు అంతటికీ నేల అయింది. ఒక పక్క మళ్లీ జేబు.

"మంచిగున్నదో లేదో తెల్వదు గని, కన్ను మాత్రం ఆడికెల్లి రాదమ్మా" అంది నర్సమ్మ. ఎగతాళి చేయడానికని వచ్చిన మనిషి ఆమె.

బసమ్మ కూర్చుంది. బొంతను ఆమె ఒడిలోకి జరిపారు. ఇంత దగ్గరగా దాన్ని చూడడం అదే మొదలు. నడుమ వదిలిన చోటు చుట్టూ వేళ్లతో తడిమింది. ఒక మూల తిరగేసింది. కింది పక్క ముక్కల్లేవు, ఒట్టి తెల్లచీర. దాని మీద కుట్టు ఒక్కటే. ఆ కుట్టే సుళ్లు తిరిగి, విడిపోయి, మళ్లీ కలిసి, బొంత పైన ఒకటి అయితే కింద ఇంకొకటి. ఎవ్వరూ చూడని వైపు కూడా ఇంత పని చేసింది ఆ పిల్ల. బసమ్మ ఆ మూలను చప్పున మళ్లీ కిందికి తిప్పేసింది.

ఆడవాళ్లు జోలపాట అందుకున్నారు. భాగీరథి బిడ్డను ఎత్తుకుని ఊపుతోంది. అందరి కళ్లూ బిడ్డ మీద ఉన్నాయి. బసమ్మ ఆకు విప్పింది. చిటికెడు పసుపు వేసింది. రొట్టె ముక్క అరచేతిలోకి తీసుకుంది. చెయ్యి లోపలికి పోయింది, బయటికి వచ్చింది. ముక్క చేతిలోనే ఉంది. దాన్ని కొంగు చివర ముడిలోకి జార్చి, సూది అందుకుని, పద్ధతి ప్రకారం గబగబా మూసేసింది.

ఎవరూ చూడలేదు. ముత్తయిదువలు అక్షతలు వేశారు.

హబీబున్నీసా వెనకాల గోడకు ఆనుకుని నిలబడి ఉంది. వచ్చి బసమ్మ రెండు చేతులూ పట్టుకుంది. "మీ చెయ్యి పడ్డది ఖాలా. ఇగ నాకు ఫికర్ లేదు."

"ఆఁ" అంది బసమ్మ.

ఇంటికి వచ్చేదాకా తేలిగ్గానే ఉంది. నీ బొంత చూడ్డానికే, కడుపులో ఏమీ లేదు అనుకుంది. ఆ మాటను రెండు మూడుసార్లు నోట్లో చప్పరించింది. భోజనానికి కూర్చున్నప్పుడు కొంగు ముడి మోకాలికి గట్టిగా తగిలింది. విప్పి పొయ్యిలో వేద్దామంటే చెయ్యి రాలేదు. బొంత తిండి అది. మేకకు వేద్దామని తీసుకుపోయి, మేక మూతి చాచగానే వెనక్కి లాగేసుకుంది. మేక ఆమెను విచిత్రంగా చూసింది.

శనివారం పని లేకపోయినా లక్ష్మమ్మ ఇంటికి వెళ్లింది. పసివాడు ఆ బొంత మీద వెల్లకిలా పడుకుని, పిడికిలి జేబులో దూర్చి, బయటికి తీసి, మళ్లీ దూర్చి కిలకిల నవ్వుతున్నాడు. వాడికేం లోటు లేదు. బొంతే ఆమెకు మరోలా కనిపించింది. విస్తరి వేసి, కూర్చోబెట్టి, వడ్డించకుండా లేపేసిన చుట్టంలాగా.

"వట్టి బట్ట. బట్టకు ఆకలేంది?" అని ఆదివారమంతా తనకు తాను చెప్పుకుంది. అట్లా చెప్పుకుంటే ఇంకో చిక్కు వచ్చి పడింది. బట్టకు ఆకలి లేకపోతే, పాతికేళ్లు ఇంటింటికీ తిరిగి తాను నింపినదేమిటి? ఎంతమంది తల్లులకు, "మీ బిడ్డ ఇగ సల్లగుంటడు పో" అని చెప్పింది? ఆ మాట నిజమైతే, తాను చేసింది పాపం. అబద్ధమైతే, తన చేతికున్న పేరంతా అబద్ధమే. ఎటు తిప్పినా తననే గుచ్చుతోంది. పైగా ఆ పిల్ల తనకు ఏం చేసింది? ఏమీ చేయలేదు. అదే మింగుడుపడలేదు.

సోమవారం పొద్దున మాణిక్ బండి కడుతున్నాడు. భాగీరథి సామాను స్టేషనుకు చేర్చాల్సింది ఆయనే. బసమ్మ వచ్చి బండెక్కి కూర్చుంది.

"నువ్వెందుకే?"

"పోనీయ్."

లక్ష్మమ్మ ఇంటి ముందు పెట్టెలు, మూటలు దించి ఉన్నాయి. అన్నిటి మీద మడతపెట్టిన బొంత. భాగీరథి బిడ్డను ఎత్తుకుని గడప దగ్గర నిలబడింది. హబీబున్నీసా కూడా వచ్చింది, తన పని పోతుంటే చూడకుండా ఉండలేక. బసమ్మ బండి దిగి సూటిగా బొంత దగ్గరికి పోయి, మడత విప్పి, నడుమ కుట్టు మీద చెయ్యి పెట్టింది.

"కత్తెర తెండి. నింపినప్పుడు తప్పు జరిగింది."

"పోయేటప్పుడు ఇప్పుడేం తప్పక్కా?" అంది లక్ష్మమ్మ. "బండి టైమయితుంది."

కుట్టు కొంచెం వదులైందని చెప్పి, విప్పి, గుట్టుగా పెట్టేసి మూసేద్దామని దారిలో అనుకుంది బసమ్మ. అబద్ధం నాలుక మీద తయారుగానే ఉంది. కానీ ఎదురుగా ఆ పిల్ల నిలబడి, "ఏమైంది ఖాలా, నా కుట్టు పిగిలిందా?" అని కంగారుగా అడిగేసరికి, చెప్పాలనుకున్నది కాకుండా అసలుదే వచ్చేసింది.

"నీ కుట్టు కాదే. నేను దీనికి అన్నం పెట్టలే." కొంగు ముడి విప్పి రొట్టె ముక్క చూపించింది. "పెట్టినట్టు జేసి తీసుకపోయిన."

 బండి మీద నుంచి మాణిక్, "ఓరి దేవుడా" అన్నాడు.

"ఎందుకు?" అంది లక్ష్మమ్మ. "నా మనవడు నీకేం జేసిండు?"

"పిలగాన్ని అనుకోలే తల్లీ. నా కండ్లల్ల నిప్పులు పోసుకున్న. గసొంటిది నేను కుట్టలేకపోయినని."

లక్ష్మమ్మ మొహం ఎర్రబడింది. "నిన్ను నమ్మి చెయ్యి పెట్టుమంటిని! పొమ్మను ఈమెను. ఇగ మా ఇంట్ల నీ చెయ్యి పడొద్దు."

బసమ్మ దానికి సిద్ధపడే వచ్చింది. సిద్ధపడనిది హబీబున్నీసా మాటకు. మెతకపిల్ల, పోనీలే అంటుందనుకుంది. ఆ పిల్ల దగ్గరికి వచ్చి, ముక్కుపుటాలు అదురుతుండగా, "నా మీద కోపముంటే నన్ను తిట్టాలె ఖాలా" అంది. "నా ఇంటి ముందటికొచ్చి మన్ను పోయాలె. నా బొంతను పస్తు పండబెడ్తరా? మూడు దినాలు! నాకు తల్లి లేదు. మీరొచ్చి నింపితే మా అమ్మ నింపినట్టే అనుకున్న."

బసమ్మ రొట్టె ముక్కను చాచిన అరచేతిలోనే పట్టుకుని నిలబడింది.

భాగీరథి బిడ్డను తల్లికి అందించింది. "బండి పోతది. మాటలు తర్వాత. అమ్మా, నువ్వు పెట్టు."

హబీబున్నీసా కత్తెర తీసి, బసమ్మ వేసిన కుట్టు తెంపింది. లోపల ఒట్టి పసుపు. బిడ్డను చంకనేసుకునే లక్ష్మమ్మ ఒక చేత్తో రొట్టె ముక్క అందుకుని, కళ్లకద్దుకుని లోపల పెట్టింది. హబీబున్నీసా సూదికి దారమెక్కించింది. గాలికి బొంత లేస్తోంది.

"ఆ కొన పట్టున్రి" అంది, ఎవరి వైపూ చూడకుండా.

దగ్గరగా ఉన్నది బసమ్మే. వంగి పట్టుకుంది. సూది కదిలింది. విప్పిన చోటు అంచు వెంట నేరుగా పోతుందనుకుంటే, సగంలో ఆగి, పక్కన పాత కుట్టుతో కలిసి, దానితో పాటు కొంత దూరం నడిచి, మళ్లీ వెనక్కి తిరిగి వచ్చి మూసేసింది. కొత్త కుట్టు ఎక్కడ మొదలైందో, పాతది ఎక్కడ ఆగిందో తెలియకుండా. అంత సిగ్గులోనూ, పదిమంది చూస్తుండగా, పేరు పోయి నిలబడ్డ ఆ ఘడియలోనూ బసమ్మ కళ్లు ఆ సూదిని వదల్లేదు. మళ్లీ అదే మంట మొదలైంది. మూడు రోజుల కిందటి కంటే ఏమీ తగ్గలేదు.

సామాను ఎక్కించారు. బండి కదిలింది. భాగీరథి వెనక్కి చూసి చెయ్యి ఊపింది, అది ఎవరికో తెలియలేదు. లక్ష్మమ్మ బసమ్మ వైపు చూడకుండా లోపలికి పోయి తలుపు వేసుకుంది. ఇద్దరే మిగిలారు. ఇద్దరి ఇళ్లకూ దారి ఒక్కటే. హబీబున్నీసా ముందు, నాలుగడుగుల వెనక బసమ్మ.

మసీదు మూల వచ్చింది. ఇక ఆగలేకపోయింది బసమ్మ.

"హబీబూ."

"ఏంది?"

"ఆ కుట్టు వెనుకకు తిప్పినవు జూడు, దారం ముడి పడకుండ ఎట్ల తిప్పినవే?"

హబీబున్నీసా ఆగి, వెనక్కి తిరిగి, నడుము మీద చెయ్యి పెట్టుకుంది. ఈ మనిషిని ఏం చేయాలి అన్నట్టు చూసింది.

"చెప్ప" అంది.

"చెప్పకు తియ్."

"మూడు దినాలు నా బొంత పస్తున్నది. మూడు దినాలు మీకు చెప్ప."

ఆ మాట అని, విసురుగా నడిచి ఇంట్లోకి పోయింది.

మంగళవారం బసమ్మ గడప దాటలేదు. ఆమె చేసిన పని నర్సమ్మ నోటి మీదుగా బజారంతా తిరిగింది. బుధవారం ఆమెకు కడుపు నింపే పిలుపు ఒకటి రావాల్సి ఉంది, రాలేదు. గురువారం కూడా ఆమె ఎదురింటి వైపు చూడలేదు, అంటే గోడ మీద కొత్తగా ఏదీ ఆరేయలేదని మాత్రం చూసింది. శుక్రవారం తెల్లారింది. జొన్నలు విసరకుండా, గేదెలకు మేత వేయకుండా, మాణిక్ ఏమిటి సంగతి అని అడుగుతుంటే జవాబు చెప్పకుండా, సూదీ దారం పట్టుకుని వెళ్లి సర్వర్ ఇంటి గుమ్మంలో నిలబడింది.

హబీబున్నీసా చాప మీద కూర్చుని ముక్కలు పరుచుకుంటోంది. తల ఎత్తి చూసింది. రమ్మనలేదు, పొమ్మనలేదు. కాసేపయ్యాక చాప మీద కొంచెం పక్కకు జరిగింది.

బసమ్మ వెళ్లి కూర్చుని, పరిచిన ముక్కల మీదికి వంగింది. "గీ నీలం ఈడ పెట్టినవేందే? మంచిగ లేదు" అంది.